కొవ్వాడ రియాక్టర్లు వస్తే మన ఆసుపత్రికి సీసం గోడల వార్డు కావాలా, వద్దా?

సిక్కోలు_సత్తిబాబు
మన శ్రీకాకుళం జిల్లా కొవ్వాడకి ఒక్కోటి 1208 మెగావాట్ల అణు రియాక్టర్లు ఆరు ప్రతిపాదించారు. భూసేకరణ గురించి పదేళ్లుగా కొట్టుకుంటున్నాం, ఆసుపత్రి ఊసెత్తినవాడు లేడు. నా మాట ఒక్కటే: శ్రీకాకుళంలో సీసం గోడలతో 20 పడకల వార్డు, సిబ్బందికి లెడ్ (సీసం) ఏప్రాన్లు, మందుల నిల్వ. ఇవి సిద్ధమయ్యాకే పునాది రాయి.

గామా_గురవయ్య
సత్తిబాబు గారూ, సీసం దగ్గరే పొరపాటు జరుగుతోంది. ఒంటికి రేడియేషన్ తగిలిన మనిషి రేడియేషన్ వెదజల్లడు, ఎక్స్‌రే తీయించుకున్నవాడు వెదజల్లడు కదా, అలాగే. ఒంటిమీదా బట్టలమీదా రేడియోధార్మిక ధూళి పడినవాడి సంగతి వేరు. ఆ ధూళిని తీసేయాలి, గోడ కట్టి ఆపడం కాదు. ఇక ఏప్రాన్. అర మిల్లీమీటరు సీసం ఎక్స్‌రే గదికి సరిపోతుంది. రియాక్టరు ప్రమాదంలో బయటపడే సీసియం-137 గామా కిరణాల్ని సగానికి తగ్గించాలంటే సుమారు ఆరున్నర మిల్లీమీటర్ల సీసం కావాలి. మీ ఏప్రాన్ ఆపేది ఐదో వంతో ఆరో వంతో కాదు, నూటికి ఐదు పాళ్లు. ఆ బరువుకి నర్సు పని నెమ్మదిస్తుంది, రోగి దగ్గర ఎక్కువసేపు నిలబడుతుంది, అదనపు డోసు అక్కడే.

సిక్కోలు_సత్తిబాబు
ఐదు పాళ్లైనా ఐదు పాళ్లే కదా. ఊరికే పోనివ్వడమెందుకు?

డ్యూటీ_సిస్టర్
ఏప్రాన్ డబ్బుతో కత్తెరలు కొనండి సార్, మొద్దు మొనవి. బట్టలు తీసేస్తేనే ఒంటిమీద ధూళిలో 80–90 శాతం పోతుంది. కానీ చొక్కా తలమీదుగా లాగితే ముక్కులోకీ నోట్లోకీ పోతుంది. మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి, చేతులపొడవునా కత్తిరించాలి. అంచుల్ని రోగి ఒంటినుంచి బయటికి చుట్టుకుంటూ పోవాలి, పైమురికి చుట్ట లోపలికి పోయేలా. ఆ చుట్ట కింద దుప్పటితో సహా సంచిలోకి. గ్లవ్స్ రెండు జతలు. లోపలి జతని గౌను చేతికి టేపుతో అంటించి, టేపు కొసని కాస్త మడిచి వదలాలి, లేకపోతే విప్పేటప్పుడు గోటికి దొరక్క పళ్లతో లాగేవాళ్లుంటారు. తర్వాత గోరువెచ్చని నీళ్లు, సబ్బు. గాయం ఉంటే ముందు అదే కడగాలి. వేడినీళ్లు వద్దు, గట్టిగా రుద్దొద్దు, చర్మం గీరుకుపోతే లోపలికి దారి ఇచ్చినట్టే.

సిక్కోలు_సత్తిబాబు
ఆ కడిగిన నీళ్లు ఎక్కడికి పోతాయి మేడమ్? నాగావళిలోకేనా?

గామా_గురవయ్య
తొట్టిలో పట్టగలిగితే పట్టాలి. పట్టలేకపోతే కడగడం మాత్రం ఆపకూడదు. రక్తం కారుతున్నవాడిని తొట్టి వచ్చేదాకా బయట ఉంచమంటారా?

సిక్కోలు_సత్తిబాబు
నీళ్ల ప్రశ్నకి జవాబు లేదన్నమాట.

ల్యాబ్_రామం
సీసం, నీళ్లు పక్కన పెట్టి నెత్తుటి మాట వినండి. అసలు డోసు ఎంతో తెల్సేది అక్కడే. రేడియేషన్ తగిలిన రెండు గంటల తర్వాత వాంతి మొదలైతే సాధారణంగా 2 గ్రేల (ఒంటికి పట్టిన డోసు కొలత) లోపు, గంటలోపే అయితే 4 దాటి ఉండొచ్చు. కానీ భయంతోనూ వాంతవుతుంది, అందుకే దాన్నొక్కదాన్నే నమ్మొద్దు. ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) గొట్టంలో రక్తం తీసి ప్రతి 6–8 గంటలకీ లింఫోసైట్లు, అంటే ఒక రకం తెల్ల రక్తకణాలు, లెక్కపెట్టాలి. 48 గంటలకి మైక్రోలీటరుకి 500 కంటే దిగాయంటే పరిస్థితి తీవ్రం. డోసు కచ్చితంగా తేల్చే క్రోమోజోముల పరీక్షకి మాత్రం హెపారిన్ గొట్టం కావాలి, ఈడీటీఏ పనికిరాదు. అలవాటుకొద్దీ ఐసు మీద పెడతారు, మంచులా గడ్డకట్టిందంటే కణాలు చచ్చి శాంపిల్ వృథా. ఆ పరీక్ష ఇక్కడ చేయలేం, ముంబైలో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) లాంటి చోటికి పంపాల్సిందే.

డ్యూటీ_సిస్టర్
ఒంటిమీద ధూళి ఎక్కడుందో చూపే సర్వే మీటర్ మాట కూడా. బీరువాలో సెల్స్ వేసి మూడేళ్లు వదిలేస్తే కారిపోయి స్ప్రింగులు తుప్పు పడతాయి. ప్రోబు ముందు అభ్రకం పొర పెన్ను మొన తగిలినా పోతుంది. పల్చటి ప్లాస్టిక్ చుట్టి, చర్మానికి ఒకటి రెండు సెంటీమీటర్ల దూరంలో, సెకనుకి రెండు మూడు సెంటీమీటర్ల వేగంతో కదపాలి. బ్యాక్‌గ్రౌండ్, అంటే అక్కడ సహజంగా ఉండే రేడియేషన్, ముందే ఆ గదిలోనే కొలవాలి. కళింగపట్నం వైపు ఇసకలో మోనజైట్ అనే సహజ రేడియోధార్మిక ఖనిజం ఉంటుంది, వేరే ఊరి అంకె ఇక్కడ చెల్లదు.

బీచ్_రోడ్_బుజ్జి
అయోడిన్ మాత్ర అందరికీ పంచేస్తే సగం గొడవ తీరదా?

గామా_గురవయ్య
అది థైరాయిడ్‌ని, అదీ రేడియో అయోడిన్ నుంచి మాత్రమే కాపాడుతుంది. పెద్దవాళ్లకి పొటాషియం అయోడైడ్ 130 మిల్లీగ్రాములు, ధూళిమేఘం రాకముందో, వచ్చిన కొద్ది గంటల్లోనో పడాలి. సీసియం లోపలికి పోతే దాన్ని బయటికి పంపే ప్రష్యన్ బ్లూ, పెద్దవాళ్లకి 3 గ్రాములు రోజుకి మూడుసార్లు. ఎముక మూలుగ దెబ్బతిన్నవాళ్లకి తెల్ల రక్తకణాల్ని పెంచే జీ-సీఎస్ఎఫ్, అది క్యాన్సర్ వార్డుల్లో ఎప్పుడూ ఉండే ఇంజెక్షనే. మీ 20 పడకల వార్డు అక్కర్లేదనేది అందుకే. చెర్నోబిల్‌లో తీవ్ర రేడియేషన్ జబ్బు తేలింది 134 మందికి. వాళ్లలో చాలామందిని విమానంలో మాస్కో ఆరో నంబరు ఆసుపత్రికి తీసుకెళ్లారు. అలాగే ఇక్కడ కడిగి, రక్తం తీసి, నిలకడ చేసి పంపాలి.

సిక్కోలు_సత్తిబాబు
పంపాలి, పంపాలి! కడిగేది ఎవరండీ? మీరా? ఆ కత్తెర పట్టేది కాంట్రాక్టు వార్డుబాయ్, ఆ సంచి మోసేది పారిశుద్ధ్యం ఆమె. ఏప్రాన్ వద్దంటే మీకు ఫిజిక్స్, వాళ్లకి మాత్రం "వీళ్ల ప్రాణానికి ఖర్చెందుకు" అని వినిపిస్తుంది. జనం పారిపోతే మీ గోరువెచ్చని నీళ్లు ఎవరు పోస్తారు?

ల్యాబ్_రామం
ఈ ముక్క మొదటి పోస్టులోనే రాసుంటే గోడల గురించి ఇంత రాద్ధాంతం ఉండేది కాదు.

డ్యూటీ_సిస్టర్
ఆయన అన్నది నిజం. డోసు నమోదు చేసే టీఎల్‌డీ బ్యాడ్జి చాలదు, దాని లెక్క తర్వాత ల్యాబు నుంచి వస్తుంది. అప్పటికప్పుడు అంకె చూపించి, కూత పెట్టే డోసిమీటరు కావాలి. డాక్టరుకి ముందు కాదు, కత్తెర పట్టినవాడికి ముందు. గర్భిణులకి ఆ గదిలో డ్యూటీ వేయకూడదు. ఎవరి అంకె ఎంతో గోడమీద రాయాలి, అందరికీ కనపడేలా.

గామా_గురవయ్య
డోసిమీటర్ల విషయంలో నాకు అభ్యంతరం లేదు. కానీ జపాన్‌లో ఫుకుషిమా అణు ప్రమాదం చూడండి. 2011లో జనంలో ఒక్కరికి కూడా తీవ్ర రేడియేషన్ జబ్బు రాలేదు. ప్లాంటుకి దాదాపు నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫుతాబా ఆసుపత్రిని ఖాళీ చేయించడంలో మాత్రం 40 మందికి పైగా రోగులు పోయారు. మంచానపడ్డ ముసలివాళ్లని బస్సుల్లో కూర్చోబెట్టి గంటలతరబడి తిప్పి, చివరికి ఇవాకీలో ఓ హైస్కూలుకి చేర్చారు. వెంట వైద్య సిబ్బంది లేరు. రేడియేషన్ రోగుల కోసమని ముందే ఎంపిక చేసిన దగ్గరి ఆసుపత్రులు కూడా ఖాళీ చేయాల్సినవాటిలోనే పడ్డాయి. కాబట్టి కొవ్వాడ పక్కనున్న రణస్థలం ఆసుపత్రిలో సిద్ధం చేయాల్సింది రేడియేషన్ వార్డు కాదు, ఖాళీ చేసే ప్రణాళిక.

సిక్కోలు_సత్తిబాబు
ఖాళీ చేసి పోతే ఉండిపోయిన ఊళ్లకి ఎవరు దిక్కు? నేనడిగేది ఉండే ఆసుపత్రి, మీరు చెప్పేది వెళ్లిపోయే ఆసుపత్రి.

గామా_గురవయ్య
రణస్థలం వెళ్లిపోవాలి, శ్రీకాకుళం ఉండాలి, విశాఖ కేజీహెచ్ అందుకోవాలి. మూడూ ఒకే కాగితంలో ఉండాలి.

డ్యూటీ_సిస్టర్
ఆ కాగితంలో ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ల లెక్క పెట్టండి. ఒక్కొక్కరికి నిమిషానికి ఎన్ని లీటర్లు, సిలిండరు ఎన్ని గంటలు వస్తుంది, బస్సు కేజీహెచ్ చేరేలోపు మార్చాల్సింది ఎక్కడ.

సిక్కోలు_సత్తిబాబు
మార్చేది ఎవరో కూడా పేరు రాయండి.