సమస్య: ఓటమెఱుగని వారికే యోటమయ్యె

నిర్వాహకుడు (మూలపేట): ఈ వారం అంశం ఫుట్‌బాల్ లీగుల రికార్డులు. రాత్రి పాత పట్టికలు తిరగేస్తుంటే ఒక జట్టుకు ‘ఓడినవి’ గడిలో సున్నా, ‘స్థానం’ గడిలో రెండు కనిపించాయి. నవ్వొచ్చింది, పై పాదం కట్టేశాను. అది చివరి పాదంగా వచ్చేలా పద్యం పూరించండి. పురాణాల జోలికి పోవద్దు. పోయినసారి వారం తిరక్కుండానే ఆరుగురు అభిమన్యుణ్ణి చంపారు.

పినాకిని పంతులు (నెల్లూరు):

ఇటలిని పెరూజ జట్టొక్క యేడు నాడి
తేల్చెఁ బదకొండు, పందొమ్మిదింట సమము;
మిలను మూడుపాయింట్లెక్కి మేటి కాగ
నోటమెఱుగని వారికే యోటమయ్యె.

1978–79 సిరీ ఏ, అంటే ఇటలీ అగ్రశ్రేణి లీగు. 30 మ్యాచ్‌ల్లో పెరూజా 11 గెలిచింది, 19 డ్రా. మిలాన్ మూడు ఓడి కూడా 44 పాయింట్లతో టైటిల్ కొట్టింది, వీళ్ళకు 41. నిర్వాహకుల వారు చూసిన గడి ఇదే అయ్యుంటుంది.

నిర్వాహకుడు: అదే! ‘తేల్చె’ అన్న క్రియకు వీరతాడు. తేలినవి పదకొండే, మిగతావన్నీ తేలనివే కదా.

ఒంగోలు గిత్త: పంతులుగారికి దణ్ణం. ‘తేల్చెఁ బదకొండు’ అని సరళాదేశం చేసి ‘ప’ను ‘బ’గా మార్చిన చెయ్యి ‘ఇటలిని పెరూజ’ దగ్గర ఎందుకు ఆగింది? ‘ఇటలినిఁ బెరూజ’ కావద్దా? పైగా మిలాను దీర్ఘాన్ని పీక నొక్కి ‘మిలను’ చేశారు. ఇదే పని నేను చేస్తే నాలుగు రోజులు నడిచేది క్లాసు.

పినాకిని పంతులు: బెరూజ అంటే ఆ ఊరోళ్ళే గుర్తుపట్టరు నాయనా. పరదేశి పేరుకు కూడా ముక్కుతాడు వెయ్యాలంటే ఎట్టా? నీ పద్యం పెట్టు, చూద్దాం.

ఒంగోలు గిత్త: పెడతున్నా, కాచుకోండి.

ఆర్సెనలు నలుబదితొమ్మి దాటలాడి
తలను వంపక తిరిగెను దర్ప మెసగ,
నేబదవ పోటి మాంచెస్ట రింటి కేగ
నోటమెఱుగని వారికే యోటమయ్యె.

2003–04 ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఆర్సెనల్‌కు 26 గెలుపులు, 12 డ్రాలు, ఓటమి సున్నా. ఆ వరస తర్వాతి సీజన్‌లోకీ సాగి 49 దగ్గర ఆగింది. 2004 అక్టోబరులో మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 2–0తో ఓడింది.

కావలి కుర్రాడు: అన్నా, ‘మాంచెస్టరింటి కేగ’ అదిరింది! యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన మైత్రి) అట్టా ఇంట్లోకి నడిచొచ్చి కూర్చుంది.

పినాకిని పంతులు: ధార బాగుంది, కాదనను. సమస్యలో ‘వారికే’ అని నొక్కి చెప్పే ఏకారం ఉంది, గిత్త దాన్ని పట్టించుకోలేదు. 49 ఆడి 50వది ఓడటంలో వింతేముంది? ఎవరైనా ఏదో ఒకనాడు ఓడతారు. ఓడకుండానే ఓడిపోవాలి, అదీ సమస్య. నా పెరూజా ఆ ఏడాది చివరిదాకా ఓడలేదు, అయినా ఓడింది.

ఒంగోలు గిత్త: అంటే చరిత్రలో ఒక్క జట్టుకే పూరణ రాయాలా? 1888–89 ఇంగ్లండ్ లీగులో ప్రెస్టన్ జట్టు 22 ఆడి 18 గెలిచి, 4 డ్రా చేసి, టైటిల్ కూడా పట్టుకుపోయింది. వాళ్ళ మీద రాస్తే ఏమంటారో!

పినాకిని పంతులు: సమస్యే లేదంటాను. అయినా రికార్డుల సంగతి నువ్వు మాట్లాడబాక. సంక్రాంతి పూరణలో ఇంగ్లండ్ ఆటగాడు షియరర్ 260 గోల్స్ రికార్డును ‘ఇంగ్లండు నేల పుట్టిన నాటినుండి’ అన్నావు. అది 1992లో మొదలైన ప్రీమియర్ లీగ్ లెక్క. అంతకు ముందరి టాప్ డివిజన్‌లో జిమ్మీ గ్రీవ్స్ 357 వేశాడు. నేల 1992లో పుట్టిందా?

ఒంగోలు గిత్త: సంక్రాంతి పద్యం ఇంకా మోస్తున్నారా! మీ తిక్కన దాటేసిన అరణ్యపర్వ శేషాన్ని పూరించింది మా అద్దంకి ఎఱ్ఱన అని మేం రోజూ గుర్తుచేస్తున్నామా?

నిర్వాహకుడు: ఇద్దరూ కాస్త ఆగండి. జిల్లాల గొడవ ఇక్కడ వద్దు.

కావలి కుర్రాడు: ఒక లెక్క వేశా. అప్పట్లో గెలుపుకు రెండే పాయింట్లు. ఇప్పటిలా మూడిస్తే పెరూజాకు 52, మిలాన్‌కు 61. తేడా మూడు కాదు, తొమ్మిది. డ్రాలే కొంప ముంచాయి. ఇక నాది:

లెవరుకూసను జర్మనీ లీగు గెలిచి
డబ్లినున తుదిపోటికి దండు కదలి
మూడు గోల్సుకు నటలాంట ముందు వంగ
నోటమెఱుగని వారికే యోటమయ్యె.

2023–24. లెవర్‌కూసెన్ జర్మనీ లీగు బుండెస్‌లీగాలో ఒక్కటీ ఓడలేదు, యూరప్ జట్ల యూరోపా లీగ్ ఫైనల్లో అటలాంటా చేతిలో 3–0తో ఓడింది.

ఒంగోలు గిత్త: ‘లెవరుకూసను’ అని ఎవరు కూశారు తమ్ముడూ?

పినాకిని పంతులు: రెండో పాదం చూడు అబ్బయ్యా. ‘డ’కూ ‘ద’కూ యతి ఏ ఊళ్ళో కుదిరింది? ‘తరలి డబ్లిను తుదిపోటి దాక నేగి’ అను, సరిపోతుంది. భావం మాత్రం గిత్త దానికన్న మేలు. ఒకే ఏడాదిలో అజేయత, ఓటమి రెండూ ఉన్నాయి.

ఒంగోలు గిత్త: కుర్రాడి యతి తప్పినా నాకన్న మేలే! అర్థమైంది లెండి.

వేదాయపాళెం అక్క: మీ లీగులు నాకు తెలియవు. మా ఇంటి లీగు ఇది.

ఇంట సీరియల్ వేళలో నింతి తోడ
నాటఁ జూతు నటంచును నడ్డు పడగఁ
బేట నెదురెవ్వరును లేని పెద్దలైన
యోటమెఱుగని వారికే యోటమయ్యె.

నిర్వాహకుడు: అక్కా! మూడో పాదం చివర ‘పెద్దలైన’ అని సమస్యను విశేషణంలా తగిలించారే, ఈ వారానికి ఇదే.

పినాకిని పంతులు: ఏకారానికి న్యాయం జరిగింది. ఆ పెద్దలెవరో నేను అడగను.

ఒంగోలు గిత్త: అంతా బానే ఉంది గానీ ‘సీరియల్’ హలంతం, హల్లుతో ఆగింది. చివర అచ్చు చేర్చి అజంతం చెయ్యొద్దా?

వేదాయపాళెం అక్క: ‘సీరియలు’ అంటే గణం చెడుతుంది తమ్ముడూ. నీకు ఇంట్లో రిమోట్ దొరికిన రోజు వచ్చి చెప్పు, మారుస్తా.

కావలి కుర్రాడు: పంతులుగారూ, టర్కీ జట్టు గలాటసరాయ్ మీద ఇంకోటి కడుతున్నా. 1985–86లో 36 మ్యాచ్‌లు ఓడకుండా ఆడి గోల్స్ తేడాతో బెషిక్తాష్‌కు టైటిల్ ఇచ్చుకుంది. మీ ఏకారానికి సరిపోతుందా?

పినాకిని పంతులు: భేషుగ్గా. యతి చూసుకుని రా.