బ్రిటన్ విశ్వవిద్యాలయ విద్యార్థులకు విదేశీ భాషల్లో పట్టు తగ్గిందా?

లెస్టర్‌వాసి: నేను ఇక్కడి ఒక విశ్వవిద్యాలయంలో చాలాకాలంగా ఫ్రెంచి బోధిస్తున్నాను. ఒకప్పుడు మొదటి సంవత్సరం విద్యార్థులు ఇంగ్లీషు పేరా ఇస్తే నిఘంటువు తెరవకుండా ఫ్రెంచిలో రాసేవారు; ఇప్పటివారు మాట్లాడటానికి జంకరు గానీ, రాతలో విశేషణానికి లింగవచనాలు కుదర్చడం దగ్గరే తడబడుతున్నారు. 2004లో ఇంగ్లండులో పద్నాలుగేళ్లు దాటిన పిల్లలకు విదేశీ భాష తప్పనిసరి కాదనడమే దీనికి మూలం.

పాలమూరు శ్రీను: ఇష్టం లేనివారు మానుకున్నారు, సరే. ఇష్టపడి డిగ్రీకి వచ్చినవారి స్థాయి దానివల్ల ఎందుకు పడిపోవాలి? ఈ ఒక్కదానికి జవాబు చెప్పండి.

లెస్టర్‌వాసి: 2002లో పదహారేళ్ల వయసులో రాసే బడి పరీక్ష జీసీఎస్ఈ స్థాయిలో నూటికి 76 మంది విదేశీ భాష రాసేవారు, 2011 నాటికి 40 మందే మిగిలారు. తరగతి పలచబడితే బడివారు డిగ్రీకి ముందు చదివే ఏ-లెవెల్‌లో ఆ భాషనే ఎత్తేస్తారు, ఉపాధ్యాయుడు వెళ్లిపోతే మరొకరిని వేయరు. అందుకే మేము అక్షరాల నుంచి మొదలుపెట్టే కోర్సులు తెరవవలసి వచ్చింది.

గోదారిగట్టు: బ్రెగ్జిట్‌తో ఐరోపా విద్యార్థుల మార్పిడి పథకం ఎరాస్మస్ పోయిన సంగతి ఎవరూ ఎత్తరేం?

పాలమూరు శ్రీను: అది విదేశంలో గడిపే ఏడాదికి సంబంధించినది. నా ప్రశ్న బడి నుంచి వచ్చేవారి గురించి.

కృష్ణవేణి: మా అమ్మాయి అలా అక్షరాల నుంచే స్పానిష్ నేర్చుకుంది. మౌఖిక పరీక్షలో గలగలా మాట్లాడిన పిల్లను, వ్యాసంలో క్రియారూపాలు తప్పాయని, పునాది లేదంటూ అధ్యాపకుడు అందరి ముందూ చిన్నబుచ్చారు. జీసీఎస్ఈలో ఉర్దూ, పంజాబీ, గుజరాతీ, బెంగాలీ ఉన్నాయి, తెలుగు లేదు. కాబట్టి ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లీషుతో పెరిగిన పిల్ల కూడా మీ లెక్కలో ఒక్క భాష మనిషే.

లెస్టర్‌వాసి: అమ్మా, తెలుగు గోడు వేరు, ఫ్రెంచి రాత వేరు. రెంటినీ కలపకండి.

కృష్ణవేణి: గోడు అని తీసిపారేయకండి. మీరు పట్టు అంటున్నది మీరు చదువుకున్న రోజుల పరీక్షనే.

లెస్టర్‌వాసి: అవును, ఆ పరీక్షే ఉండాలంటాను! 2025 జనవరిలో కార్డిఫ్ విశ్వవిద్యాలయం ఆధునిక భాషల చదువునే మూసేద్దామని ప్రతిపాదించి, గొడవయ్యాక సవరించుకుంది. ఫోను అనువదించి పెడుతుంటే మీరెందుకని రేపు మా యాజమాన్యం అడిగితే, నాలుగు మాటలు మాట్లాడిస్తున్నామని చెప్పుకోమంటారా?

కృష్ణవేణి: ఫోను ముందుగా లాక్కునేది మీ నిఘంటువు లేని అనువాదాన్నేనండీ. ఎదుటి మనిషి మాటకు అప్పటికప్పుడు బదులు చెప్పగల పిల్లకు మార్కులు తగ్గించి, దానిని ప్రమాణమంటున్నారు.

పాలమూరు శ్రీను: నా ప్రశ్న ఇంకా అలాగే ఉంది.