"నీ చిత్తమైతే" అని ప్రార్థిస్తే అది అవిశ్వాసమా?

తెనాలి_చెల్లి:
అందరికీ వందనాలు. ఒక విషయంలో మీ అభిప్రాయాలు కావాలి. మా నాన్నగారికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి, డయాలసిస్ మీద ఉన్నారు. పోయిన శుక్రవారం ఉపవాస కూటంలో నన్ను ప్రార్థన చేయమన్నారు. "ప్రభువా, మా నాన్నను ముట్టి బాగుచెయ్యి, నీ చిత్తమైతే" అన్నాను. కూటం నడిపించే అక్క తర్వాత నన్ను పక్కకు పిలిచింది. "ఆ చివరి మాటతో నీ ప్రార్థనంతా నువ్వే కొట్టేసుకున్నావు. అది సందేహం. సందేహించేవాడికి ఏమీ దొరకదని యాకోబు రాశాడు. స్వస్థత మన హక్కు, హక్కుగా అడుగు" అంది. మా పెద్దమ్మ అక్కడే ఉంది. ఆవిడది పాత లూథరన్ సంఘం. "దేవుడికి హక్కులు గుర్తు చేయడానికి మనమెంతవాళ్ళం?" అని ఆవిడకు కోపం వచ్చింది. ఇద్దరూ వాక్యమే చూపిస్తున్నారు. ధైర్యంతో రమ్మని హెబ్రీ 4:16లో ఉంది. తగ్గించుకొమ్మని కూడా బైబిల్లోనే ఉంది. ఈ రెండూ ఒకే ప్రార్థనలో ఎలా ఇముడుతాయి? రాత్రి నాన్న మంచం పక్కన మోకరిస్తే, ఏమంటే తప్పవుతుందో అన్న టెన్షన్‌తో అసలు మాటే రావడం లేదు.

బెజవాడ_యూత్:
సిస్టర్, ఆ అక్క చెప్పినదాంట్లో తప్పేముంది? "మీరు అడుగుచున్న వాటినెల్లను పొందియున్నామని నమ్ముడి" అని మార్కు 11:24లో ప్రభువే చెప్పాడు. "అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది" అని యెషయా 53 అంటోంది. కలగవచ్చు అనలేదు కదా. సువార్తల్లో స్వస్థత కోసం యేసు దగ్గరికి వచ్చి ఉత్త చేతులతో వెళ్ళిపోయిన రోగి ఒక్కడున్నాడా? చూపించండి.

ఇంకో మాట. మన తాతలు దొరల గడప బయట చెప్పులు చేతపట్టుకుని, తలొంచుకుని నిలబడ్డారు. "తమ దయ" అనడం తప్ప వాళ్ళకు వేరే భాష తెలియనివ్వలేదు. సువార్త వచ్చి, మీరు బానిసలు కాదు, పిల్లలు అంది. ఇప్పుడు దేవుని సన్నిధిలో కూడా ఆ పాత భాషే మాట్లాడి దానికి వినయం అని పేరు పెడితే నాకు బాధగా ఉంటుంది. ఇంట్లో పిల్లాడు కంచం ముందు కూర్చుని "అమ్మా, నీకిష్టమైతే అన్నం పెట్టు" అంటాడా?

గుంటూరు_పెద్దాయన:
బాబూ, దొరల మాట నిజమే, మా నాన్నగారి కాలం దాకా నేనూ చూశాను. కానీ సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో మోకరించినవాడు బానిస కాదు, సాక్షాత్తు కుమారుడు. ఆయనే "నా యిష్టప్రకారము కాదు నీ చిత్తప్రకారమే కానిమ్ము" అన్నాడు. అది అవిశ్వాసమైతే మొదటి అవిశ్వాసి ఎవరవుతారో ఆలోచించు. పౌలు తన శరీరంలో ముల్లులాంటి బాధ పోవాలని మూడుసార్లు వేడుకున్నాడు, "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. తిమోతికి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచివచ్చాడు. హక్కు అంటే పౌలుకు తెలియకనా?

ఈ హక్కుల బోధ మన పాత సంఘాల్లో లేదు. అమెరికాలో కెన్యన్ అనే బోధకుడు, ఆయన తర్వాత హేగిన్ అనే ఇంకో బోధకుడు ప్రచారం చేసిన బోధ ఇది. టీవీల్లోనూ, పెద్ద స్వస్థత కూటాల్లోనూ మన దాకా వచ్చింది.

బెజవాడ_యూత్:
అంకుల్, గౌరవంతోనే చెబుతున్నాను. గెత్సేమనేలో సంగతి జబ్బు కాదు, సిలువ. మన పాపాల కోసం ఆయన తాగాల్సిన గిన్నె అది. మా నాన్న షుగరూ, ఈ సిస్టర్ వాళ్ళ నాన్న కిడ్నీలూ ఆ గిన్నెలోవి కావు. బోధ ఎక్కడినుంచి వచ్చిందన్నది నాకు అనవసరం, వాక్యంలో ఉందా లేదా అన్నదే కావాలి. మన మిషనరీలు కూడా అమెరికా నుంచే వచ్చారు.

ఒంగోలు_టీచర్:
తమ్ముడి ప్రశ్నకు ముందు నేరుగా జవాబు చెబుతాను, ఎందుకంటే అది గట్టి ప్రశ్న. అడగడానికి వచ్చినవాళ్ళను యేసు తిప్పి పంపలేదన్నది నిజం. ఆ మాట మీద ఆనుకుని ఎంత గట్టిగానైనా అడగొచ్చు. అయితే యోహాను 5లో బేతెస్ద కోనేరు చూడండి. మంటపాల నిండా రోగులు పడి ఉన్నారు. ఆయన ముప్పై ఎనిమిదేళ్ళుగా పడి ఉన్న ఒక్కడి దగ్గరికే వెళ్ళాడు. వాడు ఏ హక్కూ ప్రకటించలేదు. బాగుపడాలని ఉందా అని అడిగితే, నన్ను నీళ్ళలోకి దించేవాళ్ళే లేరని గోడు చెప్పుకున్నాడు. తనను లేపింది ఎవరో కూడా 13వ వచనం దాకా వాడికి తెలియదు. ఇక్కడ పనిచేసింది రోగి నమ్మకపు బలమా, ప్రభువు కనికరమా?

ఇక "నీ చిత్తమైతే" సంగతి. మార్కు 1లో కుష్ఠరోగి మోకాళ్ళూని "నీ కిష్టమైతే నన్ను శుద్ధునిగా చేయగలవు" అన్నాడు. చేయగలవు అన్నచోట వాడికి రవ్వంత అనుమానం లేదు. ఇష్టం మాత్రం ఆయన చేతిలో పెట్టాడు. ప్రభువు "ముందు ఆ మాట వెనక్కి తీసుకో" అనలేదు. చెయ్యి చాపి, ఎవరూ ముట్టని వాణ్ణి ముట్టి "నాకిష్టమే" అన్నాడు. తమ్ముడూ, వీడు సిలువ గురించి కాదు, జబ్బు గురించే అడిగాడు.

సందేహం గురించి యాకోబు రాశాడన్నారు. మొదటి అధ్యాయంలో అక్కడ అడుగుతున్నది జ్ఞానం. దేవుడు ఎవరినీ గద్దించకుండా ధారాళంగా ఇచ్చేవాడని అంతకుముందు వచనమే చెబుతోంది. అనుమానించకూడనిది ఆయన మంచితనాన్ని. అదే యాకోబు నాలుగో అధ్యాయంలో "ప్రభువు చిత్తమైతే మనము బ్రదికియుండి ఇది అది చేతమని చెప్పుకొనవలెను" అని రాశాడు. ఆ అక్కగారు యాకోబు రాసిన ఏ పత్రిక (ఉత్తరం) చూపించి ఆ మాట అనొద్దన్నారో, ఆ పత్రికే అనమంటోంది.

నాకు కనిపించేదేమిటంటే, ధైర్యం అంటే ఫలితం మీద గ్యారంటీ అని ఒకరు, వినయం అంటే గట్టిగా అడగకపోవడం అని ఇంకొకరు అనుకుంటున్నారు. హెబ్రీ 4:16లో ధైర్యానికి ఆధారం ముందు వచనంలోనే ఉంది. మన బలహీనతలు తెలిసిన ప్రధానయాజకుడు ఉన్నాడు, అందుకే ధైర్యం. మనకు ఎంత నమ్మకం ఉంది, ఎంత గట్టిగా అరిచాం అన్నదాన్ని బట్టి కాదు. కొన్ని వచనాలు దాటి ఐదో అధ్యాయంలోకి వెళ్తే ఆ యాజకుడే "మహా రోదనముతోను కన్నీళ్లతోను" ప్రార్థించాడని, భయభక్తులు కలిగియున్నందున అంగీకరింపబడ్డాడని ఉంది. ధైర్యంతో చేరమన్న పత్రికే, మనం ఎవరి ద్వారా చేరుతున్నామో ఆయన కన్నీళ్ళు కూడా చూపిస్తోంది.

అబ్రాహాము సొదొమ కోసం యాభై మంది దగ్గర మొదలుపెట్టి పది మంది దాకా దేవునితో బేరమాడాడు. "ధూళియు బూడిదెనైన నేను ప్రభువుతో మాటలాడ తెగించుచున్నాను" అంటూనే ఆడాడు. తెగింపూ, బూడిదా ఒకే నోట వచ్చాయి. దేవుడు ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

మా ఊరి సంగతి కూడా చెప్పాలి. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్ దంపతులు, వాళ్ళతో కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఇక్కడి కొండెక్కి, ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని ప్రార్థించారు. దాన్ని ఇప్పటికీ ప్రేయర్ మీటింగ్ హిల్ అనే అంటారు. అంతకు ముందు ఏడాదే అమెరికాలో వాళ్ళ మిషన్ పెద్దలు తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని చర్చించారు. మూసేయబోయే పనికి ఇంకో మనిషిని అడగడం కంటే ధైర్యం ఏముంటుంది? వాళ్ళు అడిగిన మిషనరీగా జాన్ క్లౌ ఒంగోలుకు వచ్చి స్థిరపడింది 1866లో. అంటే పన్నెండేళ్ళు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దానికి ముందు ఘోరమైన కరువు. కొండ మీద అడిగినవాళ్ళు తేదీ పెట్టలేదు, అడగడమూ మానలేదు.

డయాలసిస్_నర్స్:
నేను వాక్యం అంతగా చెప్పలేను. రోజూ మంచాల దగ్గర చూసేది చెబుతాను. మెషీన్ మీద నాలుగు గంటలు పడుకునే మనిషి చుట్టూ నిలబడి "ఈ క్షణమే స్వస్థత పొందావు, నమ్ము" అని గట్టిగా ప్రార్థించి వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఆయన నన్ను పిలిచి మెల్లగా అడుగుతాడు: "అమ్మా, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష అంకె) తగ్గిందా?" తగ్గలేదంటే మొహం గోడవైపు తిప్పుకుంటాడు. జబ్బు బాధ ఒకటి, నాలో విశ్వాసం చాల్లేదేమో అన్న బాధ ఇంకొకటి. ఇద్దరు ముగ్గురు మందులు మానేసి కూడా వచ్చారు. తెనాలి చెల్లీ, నాన్నగారి దగ్గర ఏ మాటలతో ప్రార్థించినా, ఆయన వింటున్నారని గుర్తుంచుకోండి. ఒక్క సెషన్ కూడా మిస్ చేయొద్దు, తిండిలో పొటాషియం జాగ్రత్త.

బెజవాడ_యూత్:
మందులు మానేయమని నేనెప్పుడూ అనను సిస్టర్, అలా చెప్పేవాళ్ళను నేనూ ఒప్పుకోను. టీచర్ గారూ, కుష్ఠరోగి మాట, బేతెస్ద మాట ఆలోచిస్తాను. కానీ మీరు కూడా ఒకటి ఒప్పుకోవాలి. మీ పాత సంఘాల్లో "నీ చిత్తమైతే" తప్పించుకునే దారి అయిపోయింది. రోగి పేరు చీటీలో చదివి, చిత్తమైతే బాగుచేయి ప్రభువా, ఆమేన్, తర్వాత పేరు. ఎవరూ ఏమీ ఎదురుచూడరు. బాగుపడితే ఆశ్చర్యపోతారు! అది వినయమా?

ఒంగోలు_టీచర్:
కాదు. ఆ మాటకు నేను పూర్తిగా మీ పక్షమే. లూకా 18లో విధవరాలు న్యాయాధిపతిని వదలదు. అదే అధ్యాయంలో సుంకరి కన్నులైనా ఎత్తలేక రొమ్ము కొట్టుకుంటాడు. చివర్లో యెరికో దగ్గర గుడ్డివాడు, జనం నోరు మూసుకోమంటే ఇంకా గట్టిగా "నన్ను కరుణించుము" అని కేకలు వేస్తాడు. అడిగేది కరుణే, కానీ ఊరంతా వినేలా అడుగుతాడు. మన చీటీల ప్రార్థనలో ఆ కేక ఏదీ? ఆశపడితే భంగపడతామేమో అన్న భయంతో ముందే "నీ చిత్తమైతే" అని చేతులు దులుపుకుంటే, దేవుణ్ణి నమ్మనట్టే. కుష్ఠరోగి ఆ మాట అన్నది వచ్చి, మోకరించి, వేడుకుంటూ.

పాలకొల్లు_విశ్వాసి:
జార్జ్ ముల్లర్ పేరు రెండు వర్గాలూ వాడుకుంటాయి కాబట్టి చెబుతున్నాను. మా గోదావరి ప్రాంతానికి ఆయనతో చుట్టరికం ఉంది. ఆయన బావమరిది గ్రోవ్స్ వెంట 1836లో ఇండియాకు వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలే తర్వాత నరసాపురం వైపు సువార్త పని చేశాయి. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ముల్లర్ మనుషులెవరినీ డబ్బు అడక్కుండా, దేవుణ్ణే అడిగి పదివేల మందికి పైగా అనాథ పిల్లలను పెంచాడు. జవాబులు పుస్తకంలో రాసుకున్నాడు. అడగడంలో ఆయన కంటే ధైర్యం ఎవరికుంది? అలాంటివాడి భార్య మేరీ 1870 ఫిబ్రవరిలో చనిపోయింది. ఆమె అంత్యక్రియల ప్రసంగానికి ఆయన తీసుకున్న వాక్యం కీర్తన 119:68, "నీవు దయాళుడవై మేలుచేయుచున్నావు". ఆమెను ఇవ్వడంలో, అంతకాలం ఉంచడంలో, తీసుకోవడంలో దేవుడు మంచివాడే అని చెప్పాడు. ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్ళు బతికి, అదే ధైర్యంతో అడుగుతూనే ఉన్నాడు.

తెనాలి_చెల్లి:
అందరికీ థాంక్స్. నర్స్ అక్కా, మీరు చెప్పింది నిజం. కూటం వాళ్ళు వచ్చి వెళ్ళిన రోజు నాన్న అన్నం తినలేదు. టీచర్ గారూ, మరి ఈ రాత్రి ఏమని అడగను?

ఒంగోలు_టీచర్:
అమ్మా, ముందు మనసులో ఉన్నది దాచకుండా అడుగు. కిడ్నీలు బాగుచేయమనే అడుగు, చిన్న కోరికలతో సరిపెట్టుకోవద్దు. నువ్వు చేయగలవని చెప్పు. భయంగా ఉంటే అది కూడా చెప్పు. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అన్న తండ్రిని ప్రభువు వెళ్ళగొట్టలేదు, కొడుకును బాగుచేశాడు. ఆఖర్న నాన్నను ఆయన చేతికి అప్పగించు. ఆ మాట "నీ చిత్తమైతే" అయినా సరే, ఇంకోటైనా సరే. రేపు మళ్ళీ ఇదే అడుగు. నాన్నగారికి ఓపికుంటే ఆయన్నే రెండు మాటలు ప్రార్థన చేయమను, మీరు ఆమేన్ అనండి. కూటంలో అక్కతో గొడవ పడొద్దు. యాకోబు 4:15 తీసి చదివి, ఆవిడనే అర్థం చెప్పమని అడుగు.

బెజవాడ_యూత్:
సిస్టర్, నాన్నగారి డయాలసిస్ ఏ రోజుల్లోనో పెట్టండి. మా యూత్ వాళ్ళం ఆ నాలుగు గంటలూ వంతులేసుకుని ప్రార్థిస్తాం. నేను మాత్రం బాగవుతారనే అడుగుతాను.