డైనో (బండి పవర్ కొలిచే యంత్రం) మీద 128 హెచ్‌పీయే వచ్చింది, మిగతాది ఎక్కడ పోతోంది?

కేబుల్_థ్రాటిల్: 2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, టర్బో లేదు. కంపెనీ లెక్క 160 హెచ్‌పీ. పెద్ద క్యామ్‌లు (వాల్వులు తెరిచే భాగాలు), హెడర్ (పొగ బయటికి పోయే పైపులు), కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ (చల్లగాలి పీల్చే పైపు) వేయించి ట్యూన్ చేయించాను. 190 దాకా వస్తుందని ఆశపడ్డాను. నిన్న మూడు రన్‌లు చేస్తే 128, 127, 125. ఏడాదిగా కూడబెట్టిన డబ్బంతా దీనికే పెట్టాను, రాత్రి నిద్ర పట్టలేదు.

రెండో_గేర్: ఆ 128 చక్రాల దగ్గరిది, 160 క్రాంక్ (ఇంజిన్ లోపలి షాఫ్ట్) దగ్గరిది. గేర్‌బాక్స్, షాఫ్ట్‌లు, టైర్లు తినేది 15 శాతం అనుకుంటే మార్పులేవీ లేని బండే 136 చూపించాలి. ఆ 15 కూడా అంచనాయే. ఎలా చూసినా మీది తక్కువే, టెన్షన్ పడటంలో తప్పులేదు.

పాత_ట్యూనర్: ఏ డైనో అన్నా? డైనోజెట్ లాంటి ఇనర్షియా డైనో (చక్రాలతో బరువైన డ్రమ్ తిప్పించేది) కంటే మస్టాంగ్ లాంటి లోడ్ డైనో (డ్రమ్‌కి బ్రేక్‌లా లోడు పెట్టేది) సాధారణంగా తక్కువ చూపిస్తుంది. షీటు మీద ఎస్‌ఏఈ అని ఉందా, ఎస్‌టీడీ అని ఉందా కూడా చూడండి. అవి గాలి వేడి, పీడనం లెక్కగట్టి అంకెను సరిచేసే రెండు పద్ధతులు. అదే రన్‌కి ఎస్‌టీడీ అంకె సుమారు 4 శాతం ఎక్కువొస్తుంది. రన్ రన్‌కీ తగ్గిందంటే ఇంజిన్ గదిలో వేడి పేరుకుంటున్నట్టుంది, మధ్యలో చల్లారనివ్వాలి.

కేబుల్_థ్రాటిల్: ఇనర్షియాదే, ఎస్‌ఏఈ.

పాత_ట్యూనర్: అయితే అంకె పక్కన పెట్టి గీత ఎలా ఉందో చెప్పండి. పవర్ ఎక్కడ ఆగిపోతోంది? ఏఎఫ్ఆర్ (గాలి, పెట్రోల్ నిష్పత్తి) ఎంత?

కేబుల్_థ్రాటిల్: 4,500 ఆర్‌పీఎం వరకు బాగానే ఎక్కింది, 5,200 దాటాక చదునైపోయింది. ఏఎఫ్ఆర్ చివరిదాకా 12.8.

పాత_ట్యూనర్: పెట్రోల్ చాలకపోతే పైన లీన్ అయ్యేది (ఏఎఫ్ఆర్ అంకె పెరిగేది). కాబట్టి చాలనిది గాలి. లాగ్‌లో మ్యాప్ సెన్సర్ (ఇన్‌టేక్ లోపలి గాలి పీడనం కొలిచేది) చూడండి, ఫుల్ థ్రాటిల్‌లో బయటి గాలి పీడనానికి దగ్గరగా ఉండాలి. నాకూ ఒకసారి ఇదే జరిగింది, వారం రోజులు ఇగ్నిషన్ టైమింగ్ మీద వృథా చేశాను. ఇంజిన్ ఆపి, ఇన్‌టేక్ పైపు ఊడదీసి, ఒకరిని పెడల్ పూర్తిగా తొక్కమని టార్చ్ వేసి చూడండి. బటర్‌ఫ్లై పలక (థ్రాటిల్‌లో గాలిదారి తెరిచే పలక) అంచు మాత్రమే సన్న గీతలా కనిపించాలి. నాదైతే ఓరగా వేసిన తలుపులా ఉంది.

కేబుల్_థ్రాటిల్: దొరికిందన్నా! బయట 100 కేపీఏ ఉంటే 6,000 దగ్గర మ్యాప్ 86. పలక వాలుగానే ఉంది. కేబుల్ వదులు, పైగా పెడల్ కింద మందపాటి మ్యాట్. రెండూ సరిచేసి ఈరోజు అదే డైనో మీద పెట్టాను. మ్యాప్ 98, పవర్ 146. గీత 6,600 దాకా ఎక్కుతూనే ఉంది.

రెండో_గేర్: సంతోషం! కానీ ఒక్క మాట. థ్రాటిల్ సగం తెరుచుకున్నప్పుడు చేసిన ట్యూన్ కదా, మ్యాప్‌ని బట్టి పెట్రోల్ ఇచ్చే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) అయితే దాని పెట్రోల్ పట్టికలో 86 పైన ఉన్న గడులను ఎవరూ ముట్టుకుని ఉండరు. ఇప్పుడు ఏఎఫ్ఆర్ ఎంతుంది?

కేబుల్_థ్రాటిల్: ఇప్పుడే లాగ్ తెరిచాను. 6,000 పైన 13.6, అంటే లీన్. మళ్లీ ట్యూన్ అయ్యేదాకా పెడల్ పూర్తిగా తొక్కను.

పాత_ట్యూనర్: ఆ ట్యూన్‌లో నాక్ సెన్సర్ (పెట్రోల్ అదుపు తప్పి పేలితే పట్టేది) లాగ్ కూడా పెట్టించండి. క్యామ్ టైమింగ్ గుర్తులు ఒక పన్ను అటూ ఇటూ పోయాయేమో అప్పుడే చూసుకుందాం.