పాత జీపు ప్రొపెల్లర్ షాఫ్టు యు-బోల్టులను ఎంత బిగించాలి?

ప్రశ్న:
మా నాన్నగారి కాలం నాటి మహీంద్రా సీజే-3బీ జీపుకు వెనుక ప్రొపెల్లర్ షాఫ్టు (ఇంజను శక్తిని వెనుక ఇరుసుకు చేర్చే తిరిగే గొట్టం) క్రాసులు (దాని చివర్ల కీళ్ళలోని + ఆకారపు ముక్కలు) ఈమధ్యే కొత్తవి వేయించాను. డిఫరెన్షియల్ (వెనుక ఇరుసు మధ్యలోని గేర్ల పెట్టె) వైపు క్రాసును పట్టి ఉంచే యు-బోల్టుల నట్లను మెకానిక్ పొడవాటి స్పానరుతో ఇక కదలనంత వరకు బిగించారు. అప్పటి నుంచి వేగం 40 కిలోమీటర్లు దాటితే చాలు, ఫ్లోరు కింద అదురు మొదలవుతోంది. వదులు చేస్తే షాఫ్టు ఊడుతుందేమోనని భయంగా ఉంది. ఈ నట్లకు సరైన బిగింపు ఎంత?

జవాబు:
ఫ్లాంజి బోల్టు రెండు గట్టి ఇనుప ముఖాలను కలిపి నొక్కుతుంది కనుక ఎక్కువ బిగింపును ఓర్చుకుంటుంది. యు-బోల్టు అలా కాదు, క్రాసు చివర ఉండే పలుచని బేరింగ్ కప్పు చుట్టూ తిరిగి దానిని యోక్ (క్రాసును పట్టుకునే కొమ్ముల భాగం) గాడిలోకి అదుముతుంది. బిగింపు హద్దు మీరితే కప్పు గుండ్రదనం పోయి, లోపలి నీడిల్ బేరింగులు (సన్నని సూదుల్లాంటి రోలర్లు) స్వేచ్ఛగా దొర్లలేక, కొత్త క్రాసు కూడా త్వరగా పాడవుతుంది. స్పైసర్ 1310 రకం క్రాసుకు వాడే 5/16 అంగుళాల యు-బోల్టుకు 14 నుంచి 17 ఫుట్-పౌండ్లు, అంటే సుమారు 19 నుంచి 23 న్యూటన్ మీటర్లు సరిపోతుంది. చక్రాల నట్లకు వాడే పెద్ద టార్క్ రెంచిని ఇంత తక్కువ కొలత దగ్గర నమ్మలేము, చిన్నది తీసుకోండి.

అతిగా బిగించిన యు-బోల్టులు సాగిపోయి ఉంటాయి కనుక వాటిని, స్ప్రింగ్ వాషర్లను మార్చేయండి. యోక్ గాడిలో రంగు, తుప్పు, గరుకు అంచులు లేకుండా శుభ్రం చేసి, కప్పులు యోక్ రెండు చెవుల మధ్య సరిగ్గా కూర్చున్నాయో లేదో చూసిన తరువాతే నట్లు ఎక్కించండి. ఒకే నట్టును పూర్తిగా బిగించకుండా రెండింటినీ కొద్దికొద్దిగా, మార్చి మార్చి బిగిస్తే, యు-బోల్టు కాళ్ళు రెండూ నట్ల బయటికి సమానంగా కనిపిస్తాయి. షాఫ్టు ముందు చివరను ఇంకా బిగించకుండానే చేత్తో అటూ ఇటూ ఆడించండి. ఎక్కడా పట్టేయకుండా కదిలితేనే బిగింపు సరైనది.

ప్రశ్న అడిగినవారు:
చాలా వివరంగా చెప్పారు, కృతజ్ఞతలు. మరలకు నూనె రాయవచ్చా?

మరొక జవాబు:
రాయకండి. నూనె పడిన మర మీద రాపిడి తగ్గి, రెంచి అదే కొలత చూపినా బోల్టు మీద లాగుడు పెరుగుతుంది, మళ్ళీ కప్పు నలుగుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటి ఉంది. ఈ జీపులో హ్యాండ్ బ్రేకు చక్రాల మీద కాక, ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే గేర్ల పెట్టె) వెనుక ఉన్న డ్రమ్ము మీద పనిచేస్తుంది. వెనుక షాఫ్టు విప్పిన మరుక్షణం ఆ బ్రేకుకూ వెనుక చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. కనుక కిందికి దూరే ముందే, సమతలమైన చోట, చక్రాలకు రెండు వైపులా దిమ్మలు తప్పక పెట్టండి.

అదురుకు బిగింపు ఒక్కటే కారణం కాకపోవచ్చు. క్రాసులు మార్చేటప్పుడు స్లిప్ జాయింటును (షాఫ్టు పొడవు పెరిగి తగ్గేలా లోపలికీ బయటికీ జారే అతుకును) విడదీసి ఉంటే, తిరిగి ఎక్కించేటప్పుడు దాని మీది బాణం గుర్తులు ఎదురెదురుగా వచ్చాయో లేదో చూడండి. షాఫ్టు రెండు చివర్ల యోకులు ఒకే తలంలో లేకపోతే నట్లను ఎంత కచ్చితంగా బిగించినా అదురు పోదు.