జీన్స్ కుట్టుకూలి: ముక్కల లెక్కకు కనీస వేతనం వర్తిస్తుందా?

ప్రశ్న (రాయదుర్గం): మా వీధిలో ఆడవారు జీన్స్ ప్యాంట్లకు జేబులు, జిప్పులు కుట్టి ముక్కల లెక్కన కూలి తీసుకుంటారు. కరెంటు పోయినా, కుట్టు తప్పి ప్యాంటు వెనక్కి వచ్చినా నష్టం వారిదే. వారికి కనీస వేతనం అడిగే హక్కు ఉందా?

జవాబు (అనంతపురం): ముందు వారు యజమాని కింద పనివారా, సొంత వ్యాపారులా అన్నది తేలాలి. 1973లో సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసులో సుప్రీంకోర్టు, మిషన్లు దుకాణానివి కావడం, కుట్టు బాగాలేకపోతే తిప్పి పంపే అధికారం యజమానికి ఉండడం చూసి, ముక్కల లెక్కన కుట్టే దర్జీలు కూడా ఉద్యోగులేనని తీర్పునిచ్చింది. ప్యాంటు వెనక్కి పంపడమే మీవారికి పనికొచ్చే సాక్ష్యం.

జవాబు (కర్నూలు): ఆ తీర్పు షెడ్డులో కుట్టేవారికి తేలిగ్గా సరిపోతుంది, ఇంట్లో సొంత మిషన్ మీద కుట్టేవారికి వాదన కష్టం. ఇంటికి పని తెచ్చుకునేవారిని వేతనంలోనూ మిగతా కార్మికులతో సమానంగా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే 177వ ఒడంబడిక తెచ్చినా, మన దేశం దాన్ని ఆమోదించలేదు. 2013లో బంగ్లాదేశ్‌లో రాణా ప్లాజా అనే బట్టల ఫ్యాక్టరీల భవనం కుప్పకూలి 1,100 మందికి పైగా చనిపోయాక కుదిరిన ఒప్పందం కూడా ఫ్యాక్టరీల భద్రత గురించే, ఇళ్లలో కుట్టేవారి వేతనం గురించి కాదు.

ప్రశ్న వేసినవారు: మిషన్లు సొంతవే, గుడ్డ, దారం మేస్త్రీ ఇస్తాడు.

జవాబు (అనంతపురం): అయితే ఇచ్చిన తేదీ, ముక్కలు, రేటు నోటుబుక్కులో రాసి మేస్త్రీ చేత సంతకం పెట్టించండి. పెట్టనంటే, వాట్సాప్ సందేశాలైనా చెరపకండి.