వనరాజా కోడిపిల్లలకు రోగాలు రావంటున్నారు, నిజమేనా?

అన్నలకు నమస్తే. మాది పరకాల దగ్గర పల్లె. ఇంటి వెనక జాగా, కొద్దిగా మామిడి తోట ఉన్నాయి. పోయినేడు పదిహేను నాటుకోళ్లు వారం రోజుల్లోనే పోయాయి, పచ్చగా పారి, మెడలు మెలి తిరిగి. ఈసారి గుడ్లకూ కూరకూ పనికొచ్చేలా ఇరవై వనరాజా పిల్లల్ని తెద్దామనుకుంటున్నా. వాటి గుడ్లు మళ్లీ ఇంట్లోనే పొదిగించుకోవచ్చా?

జవాబు:
తమ్మీ, నువ్వు చెప్పింది చూస్తే అది కొక్కెర తెగులులాగే ఉంది, టీకా వేయకుంటే అది వనరాజానూ వదలదు. ఆ తెగులుకు వారం లోపు లసోటా టీకా చుక్క, 28వ రోజున మళ్లీ లసోటా, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ టీకా ఇంజెక్షన్. మధ్యలో 14వ రోజున గంబోరో అనే ఇంకో రోగానికి టీకా. మందును ఐసులోనే తెచ్చుకో, కలిపాక గంటా రెండు గంటల్లో అయిపోవాలి. పిల్లను పిడికిట్లో పట్టుకుని కంట్లో చుక్క వేసి, అది రెప్ప కొట్టేదాకా వదలకు. చాలామంది తొందరలో వదిలేస్తారు, చుక్క కింద పడిపోతుంది, టీకా వేశాం కదా అనుకుంటారు.

వనరాజా మాంసానికీ గుడ్లకూ రెండింటికీ, గుడ్లే ముఖ్యమైతే గ్రామప్రియ. రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థవే. మామునూరు కృషి విజ్ఞాన కేంద్రంలో ఓసారి అడుగు, పిల్లలు ఎక్కడ దొరుకుతాయో చెబుతారు. పెట్టలకు నూకలు, తవుడు ఎక్కువ పోసి మేపకు, కొవ్వు పడితే గుడ్లు తగ్గిపోతాయి.

పొదగడం మాత్రం వాటితో కాదు, గుడ్ల మీద కూర్చునే గుణం వాటిలో దాదాపు లేదు. పైగా సంకర జాతి, వాటి పిల్లలు తల్లుల్లా రావు. అందుకే రెండు నాటుపెట్టలు, ఒక నాటుపుంజు వేరుగా ఉంచుకో, ఆ సంతానం నీ ఇంట్లోనే సాగుతుంది.

అన్నా, చిన్న కోడిపిల్లలకు వేడి కోసం బల్బు ఎన్ని రోజులు?

జవాబు:
మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్, తర్వాత వారానికి 5 తగ్గించు. మన ఎండాకాలంలో పగలు బల్బు అక్కర్లేదు. రాత్రి ఓసారి లేచి చూడు, పిల్లలన్నీ బల్బు కింద కుప్పపడితే చలి, దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి. ఊక మీద మొదటి రెండు రోజులు పేపరు పరుచు, లేకుంటే ఊకనే తింటాయి. ఇక పొదిగించేటప్పుడు నాటుపెట్ట కింద పది గుడ్లకు మించి పెట్టకు, అంచున ఉన్నవి చల్లబడి పాడవుతాయి.